బెజవాడ ఎండల్లో క్లౌన్ ఫిష్: ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు ఎలా పెట్టాలి

"మన ఊళ్ళో క్లౌన్ ఫిష్ బతుకుతుందా అండీ?" విజయవాడ, గుంటూరు వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి: సూర్యలంక బీచ్ నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చా? కల్లుప్పు కలిపితే సరిపోదా? మూడింటికీ జవాబులు ఇక్కడే చెప్తాను.

బతుకుతుంది. బాగా చూసుకుంటే పదేళ్ళు దాటి కూడా బతుకుతుంది. మన దగ్గర ఈ చేప చచ్చిపోవడానికి సముద్రం దూరంగా ఉండటం కారణం కాదు. మే నెల ఎండ ఒక కారణం, మన తొందర ఇంకో కారణం. అందుకే ట్యాంకు పని ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలుపెట్టమంటాను. దీపావళి నాటికి చేపలు దిగుతాయి, చలికాలమంతా ట్యాంకు కుదురుకుంటుంది, మొదటి ఎండాకాలం వచ్చేసరికి మీకూ చెయ్యి తిరుగుతుంది. మార్చిలో ఉత్సాహం వచ్చిందా, ఆగస్టు దాకా డబ్బులు కూడబెట్టుకోండి.

కావలసినవి

- 24 x 15 x 15 అంగుళాల గాజు ట్యాంకు, 8 మి.మీ. అద్దంతో. నిండా పోస్తే 88 లీటర్లు పడుతుంది. రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోను 75 లీటర్ల నీళ్ళుంటాయనుకోండి. ఒక జతకి ఇది చాలు. ఇంతకంటే చిన్నది తీసుకోవద్దు, చిన్న ట్యాంకులో నీళ్ళు త్వరగా పాడవుతాయి.
- మెరైన్ సాల్ట్ మిక్స్. అక్వేరియం షాపులో బకెట్లలోనో ప్యాకెట్లలోనో దొరుకుతుంది.
- రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచేది), దాన్ని సరిచేసుకోవడానికి 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రావణం.
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ టెస్ట్ కిట్లు. గడువు తేదీ చూసి కొనండి.
- టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, ఖనిజాలు) కొలిచే మీటర్, కిచెన్ వేయింగ్ మెషిన్, డిజిటల్ థర్మామీటర్.
- చిన్న వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళని కదిలించే పంపు), వెనక తగిలించే ఫిల్టర్, ఎయిర్ పంపు.
- 100 వాట్ల హీటర్. నవ్వకండి, జనవరి రాత్రుళ్ళు పనికొస్తుంది.
- క్లిప్ ఫ్యాను లేదా చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం). దీని గురించి కింద వివరంగా ఉంది.
- డ్రై రాక్ (ట్యాంకుల కోసం అమ్మే పొడి రాయి) లేదా సిరామిక్ రాయి ఏడెనిమిది కిలోలు, అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక.
- వేరే ఏ పనికీ వాడని రెండు ప్లాస్టిక్ బకెట్లు. సబ్బు తగిలిన బకెట్టు పనికిరాదు.

ప్రొటీన్ స్కిమ్మర్ (నురగతో నీళ్ళలోని వ్యర్థాన్ని తీసే పరికరం) ఉంటే మంచిదే. ఇంత చిన్న ట్యాంకులో వారం వారం నీళ్ళు మారిస్తే అది లేకపోయినా గడుస్తుంది. లైటు మామూలు ఎల్‌ఈడీ చాలు. షాపువాళ్ళు ముందు ఖరీదైన లైటు చూపిస్తారు. పగడాలు పెంచనప్పుడు ఆ డబ్బు చిల్లర్‌కి పెట్టుకోవడం మేలు.

పగడాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మన సముద్రంలోని పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. "లైవ్ రాక్" పేరుతో సముద్రం నుంచి పీకిన పగడపు దిమ్మ ఎవరైనా ఇస్తానంటే తీసుకోవద్దు. డ్రై రాక్ మీద కూడా బాక్టీరియా పెరుగుతుంది, కాకపోతే కొన్ని వారాలు ఎక్కువ పడుతుంది.

1. చోటు చూసుకోండి

నీళ్ళు, రాళ్ళు, గాజు కలిపితే స్టాండు కాకుండానే బరువు 100 కిలోలు దాటుతుంది. గోడ పక్కన గట్టి స్టాండు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి సమంగా ఉందో లేదో చూడండి. పడమటి కిటికీ ఉన్న గోడ వద్దు. టాప్ ఫ్లోర్ అయితే, శ్లాబు వేడి రాత్రి పదింటిదాకా దిగే గదిని వదిలేసి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది ఎంచుకోండి. ఏసీ ఉన్న పడకగదికి నా ఓటు. ఇనుప స్టాండైతే రెండు పూతలు పెయింటు వేయించాలి. ఉప్పునీటి తుంపర ఎండి తెల్లగా పేరుకుంటుంది, దాని కింద ఇనుము తుప్పు పడుతుంది.

ప్లగ్గు పాయింటు ట్యాంకుకి పక్కగా, కాస్త ఎత్తులో ఉండాలి. వైరు ప్లగ్గులోకి వెళ్ళే ముందు కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టండి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు కిందే రాలిపోతుంది. ఆ లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించాకే నీళ్ళు పోయండి. ఉప్పునీళ్ళు, కరెంటు కలిసిన చోట "చూద్దాంలే" అనకూడదు.

2. నీళ్ళు కలపండి

ముందు మంచినీళ్ళ సంగతి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్ళలో టీడీఎస్ చాలా చోట్ల వందల్లో ఉంటుంది. రెండూ వద్దు. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే ఆ నీళ్ళు టీడీఎస్ మీటరుతో చూడండి. రుచి కోసం చాలా మెషిన్లు మళ్ళీ కొంత ఖనిజం కలుపుతాయి కాబట్టి 40, 50 చూపించవచ్చు. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టిస్తే అది సున్నా దగ్గరికి వస్తుంది. 20 లీటర్ల మినరల్ వాటర్ టిన్ను కొనేవాళ్ళు ప్రతి టిన్నూ కొలవాలి, ఒకే ప్లాంటు నీళ్ళైనా ఈ వారం ఒకలా, వచ్చే వారం ఒకలా ఉండొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్ళు స్వచ్ఛమైనవే కదా అని బకెట్టు పెట్టకండి. ఏసీ లోపల రాగి గొట్టాలుంటాయి. రాగి జాడ తగిలినా నత్తలు, పీతల్లాంటివి తట్టుకోలేవు.

ఇప్పుడు ఉప్పు. కల్లుప్పు ఎందుకు పనికిరాదో చినగంజాం ఉప్పుమళ్ళలో చూడొచ్చు. మడిలో సముద్రపు నీరు ఎండేకొద్దీ కాల్షియం లవణాలు ముందే కింద చేరతాయి, తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న చేదు నీటిని వదిలేస్తారు. మన వంటింటికి వచ్చేది ఆ మధ్యలోది మాత్రమే. దాన్ని తిరిగి నీళ్ళలో కలిపినా సముద్రం తయారుకాదు. మెరైన్ సాల్ట్‌లో అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి.

సముద్రం నీళ్ళే తెచ్చుకుంటే? సూర్యలంక, మంగినపూడి ఒడ్డున నీళ్ళు తోడితే ఇసుక, మురుగు, సూక్ష్మజీవులు కూడా టిన్నులో ఎక్కుతాయి. ఇంటికి చేరేలోపు అందులో సగం చచ్చి కుళ్ళడం మొదలవుతుంది. పైగా కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వరద రోజుల్లో ఆ చుట్టుపక్కల ఒడ్డు నీళ్ళలో ఉప్పు శాతం పడిపోతుంది. నౌకలో దూరం వెళ్ళి తోడి, వడకట్టి, శుద్ధి చేయగలిగేవాళ్ళ సంగతి వేరు.

కలిపే పద్ధతి: బకెట్టులో ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. ముందు ఉప్పు పోసి దానిమీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పడుతుంది, మళ్ళీ కరగదు. లీటరుకి సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. అంటే 20 లీటర్ల టిన్నుకి ముప్పావు కిలో దగ్గర. ప్యాకెట్టు మీద రాసిన కొలతే ప్రమాణం. చిన్న పంపు పెట్టి రాత్రంతా తిరగనిచ్చి పొద్దున కొలవండి.

సరిచూసుకోవడం: రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ, లేదా సాంద్రత స్కేలులో 1.026 దగ్గర గీత ఆగాలి. అద్దం మీద రెండు చుక్కలు వేసి అర నిమిషం ఆగి చదవండి. నెలకోసారి కాలిబ్రేషన్ ద్రావణంతో సున్నితంగా స్క్రూ సరిచేయండి. రొయ్యల చెరువుల వాళ్ళకి ఈ పరికరం అలవాటే. మీ చుట్టాల్లో ఆక్వా రైతు ఉంటే పది నిమిషాల్లో నేర్పేస్తారు. కాకపోతే వాళ్ళు చెప్పే సెలినిటీ (ఉప్పు శాతం) అంకె మాత్రం మీ ట్యాంకులో వాడకండి, వనామీ రొయ్యకి సరిపోయే ఉప్పు వేరు.

3. ట్యాంకుని సైకిల్ చేయండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, ఇంకేం కావాలని మూడో రోజే చేప తెస్తారు. చేప వదిలే వ్యర్థం అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ళ మీద పెరగాలి. దీన్నే సైకిల్ చేయడం అంటారు, అది నాలుగు నుంచి ఆరు వారాల పని. అమ్మోనియాకి రంగు లేదు, నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అది ఉండొచ్చు.

రాళ్ళు సర్దండి. అడుగున గాజు మీద రాయి కూర్చోబెట్టాకే ఇసుక పోయండి, లేకపోతే ఇసుక జరిగి రాయి అద్దం మీద పడుతుంది. ఉప్పునీళ్ళు నింపి, పంపులన్నీ వేసి, ఒక పచ్చి రొయ్యని జాలీ సంచిలో కట్టి వేలాడదీయండి. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. వాసన వస్తుంది, ఇంట్లో వాళ్ళు మొదటి వారం మిమ్మల్ని మెచ్చుకోరు. రొయ్య వద్దనుకుంటే షాపులో సైక్లింగ్ కోసం అమ్మే అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం చుక్కలుగా వేయండి. సీసాల్లో దొరికే బాక్టీరియా పోస్తే పని త్వరపడొచ్చు. అయినా టెస్ట్ కిట్ చెప్పేదాకా నమ్మకండి.

మూడు రోజులకోసారి పరీక్షించి ఒక నోటుపుస్తకంలో రాయండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది దిగేటప్పుడు నైట్రైట్ ఎక్కుతుంది. చివరికి రెండూ దిగి నైట్రేట్ కనిపిస్తుంది. ఈలోగా రాళ్ళ మీద, ఇసుక మీద గోధుమరంగు పొడిలాంటిది పట్టిందని కంగారు పడొద్దు. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు, కొత్త ట్యాంకుల్లో వస్తాయి, పోతాయి.

ట్యాంకు సిద్ధమైందని తేల్చుకునే పరీక్ష: రొయ్య ముక్క తీసేసి, అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) చూపించేలా అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం వేయండి. 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. రాలేదంటే ఇంకో వారం. వచ్చాయంటే పావు వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చి చేపల కోసం బయల్దేరండి.

4. వేడి సంగతి తేల్చుకోండి, చేప కొనక ముందే

క్లౌన్ ఫిష్‌కి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 28 దాకా ఇబ్బంది లేదు. 29 దాటితే కనిపెట్టుకుని ఉండాలి, 30 దాటితే వెంటనే ఏదో ఒకటి చేయాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీళ్ళలో అది మామూలుగానే మంచినీళ్ళకంటే తక్కువ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం గదిలో గాలే 36, 37 ఉంటే ట్యాంకు నీళ్ళు 27 దగ్గర ఎలా ఆగుతాయి?

మూడు దారులున్నాయి.

క్లిప్ ఫ్యాను: నీటి పైభాగం మీదుగా గాలి తగిలేలా పెడితే ఆవిరవడం వల్ల రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే రోజుల్లో పెద్దగా పనిచేయదు. మన దగ్గర ఆ రెండు రకాల రోజులూ ఉంటాయి.

ఏసీ గది: 26లో పెట్టి రోజంతా నడిపితే సరి. రాత్రి వేసి పొద్దున కట్టేస్తే మాత్రం చేపకి రోజూ చలి, వేడి మారుతుంటాయి. అది ఒకే తీరుగా ఉండే 28 కంటే చెడ్డది.

చిల్లర్: చాలాసార్లు ట్యాంకు కంటే ఎక్కువ ఖరీదు. పగలు ఎవరూ ఉండని ఇల్లైతే నన్నడిగితే ఇదే కొనమంటాను. చిల్లర్ వేడిగాలి వదులుతుంది కాబట్టి దాన్ని స్టాండు కింద తలుపులు మూసిన అరలో పెట్టొద్దు.

ఫ్యాను పెట్టినప్పుడు ఒకటి మరవొద్దు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. 75 లీటర్లలో మూడు లీటర్లు ఆవిరైతే 35 ఉన్న సెలినిటీ 36.5కి చేరుతుంది. తగ్గిన నీటికి బదులు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి రోజూ అంతవరకు ఆర్‌ఓ నీళ్ళు పోయండి. "తగ్గిందని ఉప్పునీళ్ళే పోశానండీ, నెల తర్వాత చేప అడుగున పడుకుంది" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కరెంటు పోతే: వేవ్‌మేకర్, ఎయిర్ పంపు ఇన్వర్టర్ లైనులో పెట్టండి. రెండూ కొద్ది వాట్లే. హీటర్, చిల్లర్ ఆ లైనులో వద్దు. ఎండవేళ గంటల తరబడి పోతే, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ళ బాటిల్ మూత బిగించి ట్యాంకులో తేల్చండి. ఒక్కోసారి ఒక్కటే. గంటకి ఒక డిగ్రీ కంటే వేగంగా దించకండి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు శాతం పలచబడుతుంది.

5. చేపని ఎంచుకోండి

క్లౌన్ ఫిష్‌లో రకాలున్నాయి: మొదటిసారి పెంచేవాళ్ళకి ఒసెల్లారిస్, కాస్త అనుభవం ఉంటే పెర్క్యులా. మెరూన్, టొమాటో క్లౌన్‌లు పెద్దయ్యాక చెయ్యి పెడితే కొరుకుతాయి. హేచరీలో పుట్టిన పిల్లల్నే అడగండి. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వీటిని మన దేశంలోనే హేచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో తయారుచేశారు, సముద్రం నుంచి పట్టితెచ్చిన వాటి అవసరం లేదు. హేచరీ చేప మేతకి అలవాటుపడి ఉంటుంది, రోగాలు తక్కువ.

కొనేముందు షాపులో మీ కళ్ళముందు మేత వేయించండి. ఎగబడి తినకపోతే వదిలేయండి. ఒంటి మీద తెల్లటి జిగురు పొర, రెక్కలు ముడుచుకోవడం, పొట్ట లోపలికి పోవడం, మొప్పలు దడదడా కొట్టుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వద్దు. అదే ట్యాంకులో చచ్చిన చేప ఉంటే మిగతావాటిని కూడా కొనొద్దు.

ఆడా, మగా ఎలా చూడాలని అడుగుతారు. చూడక్కర్లేదు. క్లౌన్ ఫిష్‌లు అన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది తీసుకుంటే చాలు. ఒకే సైజు పెద్ద చేపలు రెండు తెస్తే కొట్టుకుంటాయి. ఈ ట్యాంకులో మూడోది పెట్టొద్దు.

సముద్రంలో క్లౌన్ ఫిష్ దాక్కునే జీవి ఎనిమోన్. అది లేకుండా క్లౌన్ ఫిష్ బతుకుతుందా? హాయిగా. ఎనిమోన్‌కి బలమైన లైటు, కుదురుకున్న ట్యాంకు కావాలి. కొత్త ట్యాంకులో అది చస్తే ఆ కుళ్ళు రాత్రికి రాత్రే చేపల్ని కూడా చంపుతుంది. ఏడాది దాటాక ఆలోచించండి.

6. ట్యాంకులోకి దింపండి

లైటు ఆపండి. సంచిని పావుగంట నీటి మీద తేల్చండి. తర్వాత సంచి నీళ్ళ సెలినిటీ కొలవండి. షాపుల్లో తరచూ తక్కువ ఉప్పులో ఉంచుతారు. తేడా ఉంటే చేపని నీళ్ళతో సహా చిన్న బకెట్టులోకి తీసి, ఎయిర్ పైపుకి ముడివేసి మీ ట్యాంకు నీళ్ళు సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున వదలండి. అర్ధగంట, ముప్పావుగంట చాలు. తర్వాత చేపని మాత్రమే పట్టి వదలాలి, షాపు నీళ్ళు సింకులో పోయాలి.

కొరియర్‌లో రోజంతా ప్రయాణించి వచ్చిన చేపకి ఈ పద్ధతి వద్దు. సంచి విప్పగానే కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. అప్పటిదాకా అంత హాని చేయని అమ్మోనియా విషంగా మారుతుంది. అమ్మేవాళ్ళని ముందే సెలినిటీ అడిగి, ఒక బకెట్టు అదే ఉప్పుతో సిద్ధం చేసుకుని, విప్పగానే అందులోకి మార్చేయండి.

వీలుంటే ఆ బకెట్టునే హీటరు, స్పాంజ్ ఫిల్టర్, మూత పెట్టి క్వారంటైన్‌గా (రోగాలున్నాయేమో చూడటానికి విడిగా ఉంచే చోటుగా) నెల రోజులు వాడండి, అమ్మోనియా రోజూ చూస్తూ. తెల్ల చుక్కలొచ్చే ఇక్, జిగురుపొర ఊడే బ్రూక్లినెల్లా లాంటి రోగాలు ఆ నెలలో బయటపడతాయి. రాగి మందు వాడాల్సివస్తే ఆ బకెట్టులోనే, పెద్ద ట్యాంకులో ఎప్పుడూ వద్దు.

7. రోజూ, వారం వారం

మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత. చిటికెడు కూడా ఎక్కువే కావచ్చు. మెరైన్ పెల్లెట్లు, వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు). వారానికి 8 లీటర్లు మార్చండి, ముందురోజే కలిపి, వేడి, ఉప్పు సమానం చేసి. అమ్మోనియా, నైట్రైట్ ఎప్పుడూ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం లోపు, పీహెచ్ 8.1 నుంచి 8.4. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి. తీసిన పాత ఉప్పునీళ్ళలోనే పిండండి, లేకపోతే ఆరు వారాలు పెంచిన బాక్టీరియా డ్రైనేజీలో పోతుంది.

బెజవాడ దోమల్ని చెప్పక్కర్లేదు. కానీ ట్యాంకున్న గదిలో దోమల స్ప్రే, బొద్దింకల స్ప్రే కొట్టొద్దు. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీళ్ళలోకి ఊదుతుంది. ఆ మందులు చేపలకి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వచ్చే రోజు పంపు ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, గది గాలి మారాకే తిరిగి వేయండి. అప్పటిదాకా వేవ్‌మేకర్ తిరుగుతుండాలి.

అనవసరంగా టెన్షన్ పడే విషయాలు: రాత్రి ఒక మూల పక్కకి వాలి పడుకోవడం, చిన్నది పెద్దదాని ముందు వణికినట్టు ఒళ్ళు కదపడం, రోజంతా ఒకే మూల తిరగడం. ఇవన్నీ దాని స్వభావం. నిజంగా భయపడాల్సినవి: మేత వదిలేయడం, నీటి పైభాగంలో నోరు తెరుచుకుని ఉండటం, రాయికి ఒళ్ళు రుద్దుకోవడం. అప్పుడు మందు కోసం పరిగెత్తకుండా ముందు వేడి, సెలినిటీ, అమ్మోనియా కొలవండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

8. సంక్రాంతికి ఊరెళ్తే

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు, నాలుగు రోజులు మేత లేకుండా ఉండగలవు. వెళ్ళేముందు నీళ్ళు గీత దాకా నింపి, హీటరు 26లో పెట్టి వెళ్ళండి. వారం అయితే పక్కింటివాళ్ళకి తాళం ఇవ్వక తప్పదు. వాళ్ళకి మేత డబ్బా ఇవ్వకండి. ఒక్కో రోజు మేత ఒక్కో కాగితం పొట్లం కట్టి, పొట్లం మీద తేదీ రాసి, పక్కనే ఆర్‌ఓ నీళ్ళ బాటిల్ పెట్టి "గీతదాకా ఈ నీళ్ళు, ఒక పొట్లం, అంతే" అని చీటీ అంటించండి. డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ప్రేమకొద్దీ గుప్పెడు వేసేవాళ్ళు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరుంటారు.